నొప్పి ఎక్కడ తయారవుతుందో మీ ఒంటిమీదే పరీక్షించి చూసుకోండి

నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కుర్చీలో కూర్చోకముందే "నరం పట్టేసిందండీ" అంటారు. నడుమైనా అదే మాట, మెడైనా అదే మాట. అనడంలో తప్పేం లేదు గానీ దాని వెనక ఒక నమ్మకం ఉంటుంది: నొప్పి అనేది కండలోనో ఎముకలోనో తయారై, నరం గుండా పాకి మెదడుకి చేరుతుందని. నిజానికి నరంలో నొప్పి ప్రయాణించదు. నరంలో పోయేది చిన్న కరెంటు తునక, వెయ్యో వంతు సెకనులో వచ్చిపోయేది. అది తాకిడా, చలా, మంటా, నొప్పా అన్నది పైన మెదడులో తేలాలి.

ఇదంతా నోటితో చెబితే తల ఊపుతారు, నమ్మరు. అందుకే నేను చెప్పడం తగ్గించి చేయించడం పెంచాను. కింద రాసినవన్నీ ఇంట్లో చేసుకోదగ్గవే. ఒక పేపర్ క్లిప్, స్కేలు, మూడు గిన్నెలు, సాయానికి ఒక మనిషి, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు. ఎక్కడా చర్మం తెగకూడదు, కాలకూడదు. నొప్పి గురించి తెలుసుకోవడానికి నొప్పి తెచ్చిపెట్టుకోనక్కర్లేదు.

పేపర్ క్లిప్‌తో మొదలుపెట్టండి

క్లిప్‌ని విప్పి, రెండు కొసలూ ఒకే వైపు వచ్చేలా వంచండి. రెండూ సమానంగా ఉండాలి; ఒకటి పొడుగైతే అదే ముందు తగిలి పరీక్ష చెడిపోతుంది. కొసలు గరుకుగా ఉంటే గచ్చుకేసి కాస్త రుద్దండి. మధ్య దూరం స్కేలుతో కొలిచి 5 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టండి. అవతలి మనిషి కళ్లు మూసుకోవాలి. చూపుడు వేలి కొస మీద రెండు కొసలనీ ఒకేసారి ఆనించి తీయండి, చర్మం కొంచెం సొట్టపడితే చాలు. తీశాక "ఎన్ని?" అని అడగండి. "రెండా?" అని మాత్రం అడగకండి, అలా అడిగితే రెండనే చెబుతారు. మధ్యమధ్యలో ఒక్క కొసతో కూడా తాకుతూ ఉండండి, లేకపోతే ఊహించి చెప్పేస్తారు. సరిగ్గా చెబుతున్నంతసేపూ దూరం తగ్గించుకుంటూ పోండి.

వేలికొస మీద మామూలుగా 2, 3 మిల్లీమీటర్ల ఎడం దాకా రెండూ విడివిడిగా తెలుస్తాయి. అదే క్లిప్‌ని అరచేతికి, ముంజేతికి, ఆఖరికి వీపుకి తీసుకెళ్లండి. వీపు మీద 3 సెంటీమీటర్ల ఎడం ఉన్నా చాలామంది ఒకటే అంటారు. అక్కడ రెండూ విడిగా తెలియాలంటే దాదాపు 4 సెంటీమీటర్లు కావాలి. ఒక పెద్దాయనకి ఈ పరీక్ష చేస్తుంటే "ఒకటేనమ్మా" అన్నారు. "రెండు పెట్టానండీ" అన్నాను. "ఒకటి పెట్టి రెండంటావేంటమ్మా" అంటూ వెనక్కి తిరిగి నా చేతిలో ఏముందో చూశారు. చూసి, సరే కానీ అన్నట్టు మళ్లీ కళ్లు మూసుకున్నారు. ఈసారి కూడా ఆయనకి ఒకటే తెలిసింది! రెండున్నాయని కళ్లారా చూశాక కూడా వీపుకి రెండోది దొరకలేదు.

జర్మనీలో ఎర్నెస్ట్ వెబర్ ఈ పని 1834లోనే జామెట్రీ కంపాస్ లాంటి సాధనంతో ఒళ్లంతా చేసి లెక్కలు ప్రచురించాడు. తేడాకి కారణం సగం చర్మంలో ఉంది: వేలికొసలో స్పర్శ రిసెప్టర్లు, అంటే తాకిడిని పట్టే నరం కొసలు, కిక్కిరిసి ఉంటాయి, వీపులో పలచగా ఉంటాయి. మిగతా సగం మెదడులో ఉంది. మెదడు పైపొరలో స్పర్శ కోసం ఒక పట్టీ ఉంటుంది. అందులో వేళ్లకీ పెదవులకీ దక్కిన జాగా మొండెం మొత్తానికి దక్కిన దానికన్నా ఎక్కువ. పెన్‌ఫీల్డ్, బోల్డ్రే అనే ఇద్దరు మెదడు సర్జన్లు 1937లో ఈ పటాన్ని ప్రచురించారు. ఆపరేషన్ బల్ల మీద మెలకువగా ఉన్న రోగుల మెదడుని సన్నటి కరెంటుతో తాకుతూ గీసిన పటం అది. వాళ్లు తాకింది మెదడుని, రోగికి చిమచిమలాడింది వేలు.

నడుము నొప్పివాళ్లని "సరిగ్గా ఎక్కడండీ?" అంటే అరచెయ్యి వెడల్పున చూపించి "ఇక్కడే, ఇదంతా" అంటారు. పక్కనున్న ఇంట్లోవాళ్లు "సరిగా చెప్పు" అని విసుక్కుంటారు. వీపు పటమే అంత మొరటుగా ఉంటే పాపం వాళ్లు మాత్రం ఏం చెబుతారు?

మూడు గిన్నెలు, ఒక వెంట్రుక

ఒక గిన్నెలో చల్లటి నీళ్లు, ఒకదాంట్లో స్నానానికి పోసుకునేంత వేడి నీళ్లు (40 డిగ్రీలు దాటకూడదు), మధ్యలో గోరువెచ్చటివి పెట్టుకోండి. ఒక చెయ్యి చల్లటిదాంట్లో, ఇంకోటి వేడిదాంట్లో ఒక నిమిషం ఉంచి, రెండిటినీ ఒకేసారి మధ్య గిన్నెలోకి తెండి. అవే నీళ్లు ఒక చేతికి వేడి, ఇంకో చేతికి చలి. ఇంగ్లండ్‌లో తత్వవేత్త జాన్ లాక్ 1690లోనే ఈ సంగతి రాశాడు. మన చర్మం థర్మామీటరు కాదు. దానికి తెలిసేది ముందున్నదానికీ ఇప్పుడున్నదానికీ తేడా. షుగరు వచ్చి పాదాలు మొద్దుబారినవాళ్లు ఈ పరీక్ష పాదాలతో చేయొద్దు.

తర్వాత ముంజేతి మీద ఒకే ఒక్క వెంట్రుకని పెన్సిల్ మొనతో నెమ్మదిగా వంచండి. వంచుతున్నప్పుడు తెలుస్తుంది, వంచి అలాగే పట్టుకుంటే కాసేపటికి తెలియకుండా పోతుంది. ఒంటిమీద బట్టలున్న సంగతి రోజంతా గుర్తుండకపోవడం కూడా ఇంతే.

మరి ఎంత గట్టిగా తాకిందీ మెదడుకి ఎలా తెలుస్తుంది? ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఎడ్గార్ ఏడ్రియన్ 1926లో ఒక్క నాడీ తంతువు నుంచి సంకేతాలని రికార్డు చేసి చూపించాడు. ఒత్తిడి పెంచితే సంకేతం పెద్దదవదు. అదే సైజు సంకేతాలు మరింత దగ్గరదగ్గరగా వస్తాయి. 1932లో ఆయనకి నోబెల్ వచ్చింది, షెరింగ్టన్‌తో కలిపి. ఒంటికి హాని చేసే తాకిడిని పట్టే నరం కొసలకి "నోసిసెప్టర్లు" అని 1906లో పేరు పెట్టింది ఆ షెరింగ్టనే. ఆ పేరులో ఉన్నది హాని, నొప్పి కాదు. అవి హాని కబురు పంపుతాయి, అంతవరకే.

మోచేతి దగ్గర అసలు సంగతి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష ఇది. మోచెయ్యి వంచండి. లోపలివైపు ఒక ఎముక బొడిపె, వెనక మోచేతి మొన ఉంటాయి. ఆ రెండిటి మధ్య గాడిలో వేలు పెట్టి నెమ్మదిగా అటూఇటూ ఆడించండి. తీగలాంటిది జారుతుంది, అదే అల్నార్ నరం. గట్టిగా నొక్కకండి. సరిగ్గా తగిలితే చిటికెన వేలూ, పక్కనున్న ఉంగరపు వేలు సగమూ జివ్వుమంటాయి. ఎప్పుడో తలుపు చెక్కకి మోచెయ్యి కొట్టుకుని కరెంటు షాక్ తగిలినట్టు గిలగిల్లాడిన రోజు గుర్తొచ్చే ఉంటుంది.

ఇప్పుడు ఆ చిటికెన వేలిని చూడండి. దాన్ని ఎవరూ తాకలేదు. అయినా జివ్వుమన్నది అదే. తలుపు బయట బటన్ నొక్కినా, మధ్యలో తీగలు రెండూ కలిపినా లోపల కాలింగ్ బెల్ ఒకేలా మోగుతుంది. లోపలున్నవాళ్లు మాత్రం గుమ్మంలో ఎవరో ఉన్నారనే లేస్తారు. ఏ తీగ మీద కబురొస్తే ఆ తీగ మొదట్లోనే ఏదో జరిగిందని మెదడు లెక్క.

దీన్ని పట్టుకుంటే సగం నొప్పుల గుట్టు తేలిపోతుంది. నడుములో డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) జరిగి నరం వేరుని నొక్కితే కాలు లాగుతుంది. అయిదో నడుము నరమైతే పిక్క పక్కనుంచి పాదం పైభాగం, బొటనవేలు. దాని కింది నరమైతే పాదం బయటి అంచు, అరికాలు. కాలికి ఎన్ని పట్టీలు వేసినా లాభం ఉండదు, కాల్లో ఏమీ లేదు గనక. కాలు తీసేసినవాళ్లకి లేని పాదంలో దురద, పోటు రావడం కూడా ఇందుకే. అమెరికా డాక్టరు వియర్ మిచెల్ 1871లో దీనికి ఫాంటమ్ లింబ్ అని పేరు పెట్టాడు. ఇక గుండె నుంచి వచ్చే నరాలూ ఎడమ చేతి నుంచి వచ్చే నరాలూ వెన్నుపాములో ఒకే మెట్టు దగ్గర కలుస్తాయి. అందుకే గుండెలో ఇబ్బంది ఎడమ చేతిలోనో దవడలోనో నొప్పిగా తెలుస్తుంది. పిత్తాశయం నొప్పి కుడి భుజంలో తెలియడమూ ఈ కోవలోదే.

మెంథాల్ ఉన్న బామ్ రాసుకున్నప్పుడు చల్లగా ఉండటం కూడా తీగ మీటడమే. చలిని పట్టే టీఆర్‌పీఎం8 అనే ప్రోటీన్‌ని మెంథాల్ తెరుస్తుంది. చర్మం చల్లబడాల్సిన పని లేదు. మిరపలోని క్యాప్సైసిన్ కూడా అంతే. అది దాదాపు 43 డిగ్రీల వేడికి తెరుచుకునే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్‌ని తెరుస్తుంది, అందుకే మంట. 1997లో దీన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కి, ఒత్తిడిని పట్టే పీజో ప్రోటీన్లని కనిపెట్టిన ఆర్డెమ్ పటాపూటియన్‌కి కలిపి 2021లో నోబెల్ ఇచ్చారు. బామ్ "నరంలోకి దిగి పనిచేస్తుంది" అని నాతో వాదించేవాళ్లకి ఇదే చెబుతాను. రాసుకోండి, హాయిగా ఉంటే మంచిదే, కానీ లోపల ఏదో బాగవుతోందని మాత్రం అనుకోకండి.

ఒక దెబ్బకి రెండు నొప్పులు

దీనికోసం కావాలని కాలు తన్నుకోవద్దు. ఎప్పుడో ఒకప్పుడు బొటనవేలు మంచం కోడుకి ఎలాగూ తగులుతుంది, అప్పుడు గమనించండి. మొదట తగిలిందని మాత్రమే తెలుస్తుంది. వెంటనే చురుక్కున ఒక పదునైన నొప్పి. ఆ తర్వాత ఒక చిన్న ఖాళీ. "వచ్చేస్తోంది" అని మీకే తెలుస్తుంటుంది. అప్పుడు మెల్లగా, మంటగా, సలుపుతూ రెండో నొప్పి వస్తుంది, ఓ పట్టాన పోదు.

మూడూ మూడు రకాల తంతువుల పని. తాకిడిని తెచ్చే ఏ-బీటా తంతువులు సెకనుకి 35 నుంచి 75 మీటర్లు పరిగెడతాయి. పదునైన నొప్పిది ఏ-డెల్టా, 5 నుంచి 30 మీటర్లు. సలుపుది సి తంతువు. పైన కబురుని వేగంగా పోనిచ్చే మయెలిన్ తొడుగు లేదు, అర మీటరు నుంచి 2 మీటర్లే. బొటనవేలి నుంచి వెన్నుపాముకి దాదాపు మీటరు దూరం వేసుకుంటే ఆ ఖాళీ ఎందుకొచ్చిందో మీకే లెక్క తేలుతుంది. చెయ్యి కాలినప్పుడు ఈ ఖాళీ అంత స్పష్టంగా తెలియదు, దారి పొట్టి కదా. పైగా వేడి తగలగానే చెయ్యి వెనక్కి లాక్కునేది వెన్నుపామే, మెదడుకి కబురు చేరేలోపే.

దెబ్బ తగిలిన చోట అందరం చేసే పని, రుద్దుకోవడం. అది ఉత్త అలవాటు కాదు. రెండో నొప్పి వచ్చాక అరచేత్తో ఆ చుట్టుపక్కల రుద్దుతూ, ఆపుతూ చూడండి. రుద్దినంతసేపూ తగ్గి, ఆపగానే తిరిగొస్తుంది. తాకిడి తెచ్చే లావుపాటి తంతువులు వెన్నుపాములోకి చేరే చోట నొప్పి కబురుని అణిచే కణాలని లేపుతాయి. రోనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించిన గేట్ కంట్రోల్ సిద్ధాంతం ఇదే. అందులోని వివరాలు తర్వాత కొన్ని మారాయి గానీ, అసలు సంగతి నిలిచింది. మా క్లినిక్కుల్లో చర్మం మీద సన్నటి కరెంటు పెట్టే టెన్స్ మిషను కూడా ఈ ఆలోచన మీద వచ్చిందే. అది నొప్పిని మరిపిస్తుంది, రోగాన్ని తీయదు. మిషను పెడితే తప్ప వైద్యం చేసినట్టు కాదనుకునేవాళ్లతో నాకు రోజూ పేచీనే.

పైనుంచి కిందికి వచ్చే ఆర్డర్లు

ఈసారి ఇంజెక్షన్ వేయించుకునేటప్పుడు 100 నుంచి ఏడేడు తీసేస్తూ లెక్కపెట్టండి: 93, 86, 79. సూది దిగడం తెలుస్తుంది, బాధ మాత్రం తగ్గుతుంది. తర్వాతిసారి సూదినే చూస్తూ ఉండండి. తేడా మీకే తెలుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ యుద్ధరంగంలో పనిచేసిన డాక్టరు హెన్రీ బీచర్ 1946లో రాసిన వ్యాసం ఉంది. తీవ్రంగా గాయపడిన సైనికులలో నాలుగింట మూడు వంతుల మంది నొప్పి మందు అక్కర్లేదన్నారు. గాయం అంటే వాళ్లకి యుద్ధం నుంచి బయటపడటం. మధ్యమెదడు నుంచి వెన్నుపాముకి దిగే తంతువులు ఉన్నాయి. నొప్పి కబురుని అవి అణచగలవు, పెంచగలవు కూడా. ఇదేదో మనసు భ్రమ అనుకోకండి, దీనికి రసాయనం ఉంది. 1978లో లెవీన్, గోర్డన్, ఫీల్డ్స్ జ్ఞానదంతం తీయించుకున్నవాళ్లకి ఉత్తుత్తి మందు ఇచ్చారు. దాంతో తగ్గినవాళ్లకి నాలోక్సోన్ ఎక్కిస్తే నొప్పి మళ్లీ పెరిగింది. నాలోక్సోన్ మార్ఫిన్‌కి విరుగుడు. అంటే ఒళ్లు తన సొంత మార్ఫిన్ లాంటిది చేసుకుందన్నమాట.

పెంచే వైపు చూడాలంటే ఎండకి కమిలిన చర్మం మీద గోరువెచ్చటి నీళ్లు పోసుకున్నప్పుడు గమనించండి. నిన్న హాయిగా ఉన్న నీళ్లే ఇవాళ మండుతాయి. వాచిన చోట పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు నోసిసెప్టర్లని చిటపటలాడేలా చేస్తాయి. ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు వాటి తయారీని ఆపుతాయి, అందుకే వాపు నొప్పికి బాగా పనిచేస్తాయి, నరం దెబ్బతిన్న నొప్పికి అంతగా చెయ్యవు. ఈ చిటపట ఒక్కోసారి చర్మంలో ఆగకుండా వెన్నుపాముకీ మెదడుకీ ఎక్కుతుంది. నెలలు గడిచినా, గాయం మానిపోయినా, చిన్న తాకిడికే పెద్ద కబురు వెళుతూ ఉంటుంది. నొప్పి నూటికి నూరుపాళ్లూ నిజమే. దెబ్బ మాత్రం అక్కడ ఇప్పుడు లేదు.

ఇది ఎందుకింత సాగదీస్తున్నానంటే, ఎమ్మారై ఫిల్ము చేత్తో పట్టుకుని "డిస్కు బల్జ్ ఉందట, ఇక వంగకూడదట" అని బెంగపెట్టుకుని వచ్చేవాళ్లని చూసి. బల్జ్ అంటే డిస్కు కాస్త ఉబ్బి బయటికి రావడం. నొప్పే లేనివాళ్లకి తీసిన స్కాన్లని కలిపి లెక్కేసి 2015లో ప్రచురించిన పరిశీలనలో, 20 ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి బల్జ్ కనిపించింది. ఫిల్ములో కనిపించినదే మీ నొప్పికి కారణం అని ఫిల్ము ఒక్కదాన్నీ చూసి ఎవరూ చెప్పలేరు. భయపడి వంగడం మానేస్తే మెదడు వంగడాన్నే ప్రమాదంగా రాసుకుంటుంది.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు వారం రోజులు రాయండి. ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతోందో మాటల్లో కాదు, మనిషి బొమ్మ గీసి పెన్సిల్‌తో నింపండి. నరం దారిలో సన్నటి చారలా వచ్చిందా, ముద్దగా వచ్చిందా అన్నది బొమ్మలోనే తేలిపోతుంది. రకం రాయండి. మంట, కరెంటు కొట్టినట్టు, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, మొద్దుబారడం ఉంటే నరాన్ని అనుమానిస్తాం. ఒక వేలితో చూపించగలిగి, ఒక కదలికకి పెరిగి ఇంకో కదలికకి తగ్గేది ఎక్కువగా కండదో కీలుదో అవుతుంది. ఎక్కడో చెప్పలేనంత లోతుగా, వికారంతో, చెమటతో వచ్చేది లోపలి అవయవాలది కావచ్చు. సున్నా నుంచి పది దాకా అంకె వేయండి గానీ, దాని పక్కనే ఇవాళ ఏ పని చేయలేకపోయారో కూడా రాయండి. నాకైతే ఆ రెండోదే ఎక్కువ పనికొస్తుంది. ఎలా నిద్రపట్టిందో రాయండి. నిద్ర చెడిన మర్నాడు అదే నడుము ఎక్కువ నొప్పెడుతుంది.

కొన్నిటికి నోట్‌బుక్ పనికిరాదు, తిన్నగా ఎమర్జెన్సీకే. ఛాతీలో బిగపట్టినట్టు ఉండి చేతికో దవడకో పాకడం, ఉన్నట్టుండి ఒక పక్క మొహం, చెయ్యి పడిపోవడం, నడుము నొప్పితో పాటు తొడల మధ్య మొద్దుబారి మూత్రం మీద అదుపు తప్పడం, పాదం పైకి లేవకుండా ఈడ్చుకుపోవడం.

నొప్పి తెలియకపోవడం అంతకంటే ప్రమాదం. పుట్టుకతోనే నొప్పి తెలియనివాళ్లు ఉన్నారు. ఎస్‌సీఎన్9ఏ అనే జన్యువు పనిచేయకపోవడం ఒక కారణమని 2006లో పాకిస్తాన్‌లోని కొన్ని కుటుంబాలలో కనుక్కున్నారు. వాళ్ల ఒంటినిండా కాలిన మచ్చలు, తెలియకుండా విరిగి అతికిన ఎముకలు ఉంటాయి. షుగరు ముదిరినవాళ్ల పాదాలకి ఈ గతే పడుతుంది. వాళ్లకోసం ఒక పరీక్ష ఉంది, ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ అంటారు, పరికరం అక్కర్లేదు. కళ్లు మూసుకోమని చెప్పి, రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు, మొత్తం ఆరింటి కొసలనీ మీ చూపుడు వేలితో ఒకటి రెండు సెకన్లు ఈక వాలినట్టు తాకండి. నొక్కొద్దు, రుద్దొద్దు, తెలియలేదని రెండోసారి తాకొద్దు. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే డాక్టరుకి చూపించాలి. అప్పటినుంచి రోజూ రాత్రి అరికాలు అద్దంలో చూసుకోవాలి, వేళ్ల సందులు కూడా. పొద్దున చెప్పుల్లో కాలు పెట్టేముందు లోపల చెయ్యిపెట్టి రాయో మేకో ఉందేమో తడిమి చూడాలి.